కందకుర్తి రేవున మిగిలిన గుర్రం

కందకుర్తి దగ్గర గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. మంజీర, హరిద్ర వచ్చి అందులో కలుస్తాయి గనుక హైందవ సోదరులకు అది పుణ్యక్షేత్రం. పుష్కరాల వేళ అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. మామూలు రోజుల్లో మాత్రం నది, ఇసుక తిన్నెలు, పాత రాతి గుడి, ధర్మాబాద్ వైపు సాగే వంతెన తప్ప సందడేమీ ఉండదు. ఆ ప్రశాంతత కోసమే మా సంఘం బాప్తిస్మాలకు అక్కడికి వెళ్తుంటుంది. రెండేళ్ల కిందట ఈస్టర్ తర్వాతి ఆదివారం కూడా అలాగే వెళ్లాం. బాప్తిస్మం పొందేవారు నలుగురు. ఎండాకాలం గనుక నీళ్లు మడుగులు కట్టి ఉన్నాయి. నడుములోతు నీళ్లున్న చోటు వెదుక్కుని దిగేసరికి ఒడ్డున ఒక తెల్ల గుర్రం నిలబడి ఉంది.

తెల్లగుర్రం అనగానే ప్రకటన గ్రంథం చదివినవారికి తెరుచుకున్న పరలోకం, ఆ గుర్రం మీద కూర్చున్న నమ్మకమైనవాడు గుర్తొస్తారు (ప్రకటన 19:11). మా ముందున్నది అటువంటిది కాదు. డొక్కలు లెక్కపెట్టవచ్చు. తుంటి ఎముకలు బట్టలు తగిలించే కొయ్యల్లా పొడుచుకొచ్చాయి. వీపు మీద జీను ఒరిసిన చోట అరచేయంత పుండు, దాని నిండా ఈగలు. ముందుకాలి గిట్ట పెరిగి పెరిగి పడవ ముక్కులా వంగిపోయింది. దానికి కొట్టిన లాడం సగం ఊడి వేలాడుతోంది. చిక్కులు పడిన జూలులో ఒక జరీ ముక్క మెరుస్తోంది. అది పెళ్లి ఊరేగింపుల గుర్రమని ఆ జరీ ముక్కను బట్టే తెలిసింది.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికి మాకు సిగ్గే. ఫొటోలు తీస్తున్న తమ్ముడు "అయ్యగారూ, వెనకాల గుర్రం పడుతుంది" అన్నాడు. మేమే చెయ్యెత్తి "హేయ్" అని అదిలించాం. అది తల అటు తిప్పుకుని, కుంటుకుంటూ పది అడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ నిలబడింది. బాప్తిస్మాలు చక్కగా జరిగాయి. పాటలు పాడుకున్నాం, పులిహోర తిన్నాం, ఇళ్లకు వచ్చేశాం. ఫొటోలు కూడా బాగానే వచ్చాయి.

ఆ రాత్రి మంగళవారపు బైబిలు తరగతి కోసం లూకా సువార్త పదో అధ్యాయం తీశాం. మంచి సమరయుని ఉపమానం. ముప్పై ఏళ్ల పరిచర్యలో దాని మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. యాజకుడు, లేవీయుడు, నూనె, ద్రాక్షారసం, పూటకూళ్లవాడు, అతని చేతిలో పెట్టిన రెండు దేనారాలు, ఇలా ఒక్కొక్కదానికీ వివరణ చెప్పాం. కానీ గాయపడినవాణ్ని సత్రం దాకా మోసింది ఎవరు? సమరయుడు తాను దిగి, అతణ్ని తన వాహనం మీద ఎక్కించాడని ప్రభువు స్పష్టంగా చెప్పాడు (లూకా 10:34). ఆ వాహనం ప్రాణమున్న ఒక జంతువు. యెరికో దారిలో ఎవరినీ వదిలి వెళ్లనిది అదొక్కటే, ఎందుకంటే యజమాని ఆగితే అదీ ఆగింది. దాని గురించి మేము ఒక్క వాక్యమైనా ఎన్నడూ మాట్లాడలేదు. ఇక పొద్దున రేవులో చెయ్యెత్తి అదిలించిన మేము ఆ ఉపమానంలో ఎవరిమో వెదుక్కోవలసిన పనే లేకపోయింది.

మర్నాడు మేము, మా సంఘపెద్ద ఒకాయన, టాటా ఏస్ బండి ఉన్న ఒక యువకుడు కలిసి వెళ్లాం. గుర్రం అక్కడే ఉంది. బండి ఎక్కించడానికే గంట పట్టింది. కుంటి కాలితో ఎత్తు ఎక్కలేకపోయింది. చివరికి బండిని ఇసుక గట్టుకు ఆనించి నిలబెట్టి, గట్టు మీది నుంచి నేరుగా లోపలికి నడిపించాం. మందిరం వెనుక వేపచెట్టు కింద పాత రేకుల షెడ్డు ఉంది. క్రిస్మస్ పశువుల పాక సామగ్రి దాచుకునే షెడ్డది. సామాను తీసి గుర్రాన్ని కట్టాం.

సంగతి వాడకట్టంతా పాకింది. సాయంత్రానికి విశ్వాసులు ఒక్కొక్కరే వచ్చారు. ఒకరు ఉలవ గుగ్గిళ్లు, ఒకరు బెల్లం అచ్చులు, ఇంకొకరు గంపెడు చెరుకు ఆకు. చెరుకు పండే సీమలో ప్రేమ చూపించాలంటే తీపే గదా! మా కళ్లు చెమర్చాయి. ఆ సమయానికి పశువైద్యశాల డాక్టరు గారు రాకపోయి ఉంటే ఆ ప్రేమతోనే దాన్ని చంపి ఉండేవాళ్లం. ఆయన ఆ గంపలన్నీ దూరంగా పెట్టించారు. చాలా రోజులు పస్తులున్న గుర్రానికి ఒక్కసారిగా గింజలు, తీపి పెడితే రక్తంలోని ముఖ్యమైన లవణాలు హఠాత్తుగా పడిపోయి గుండె ఆగిపోతుందట. పైగా గుర్రం వాంతి చేసుకోలేని జీవి. కడుపులోకి పోయింది పడకపోతే శూల పుట్టి గిలగిలా కొట్టుకుంటుంది. మొదటి పది రోజులూ లూసర్న్ గడ్డి కొద్దికొద్దిగా, నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా. నీళ్లు అందుబాటులో ఉండాలి. వారం దాటాక మోతాదు మెల్లగా పెంచాలి. గింజల మాట ఆ తర్వాతే. ఒళ్లు మామూలుగా రావడానికి నెలలు పడుతుందని చెప్పి, పుండు కడిగి, మందు పూసి వెళ్లారు.

ఈ సంగతి మనుషుల విషయంలోనూ నిజమే. రెండో ప్రపంచ యుద్ధం చివర నాజీ శిబిరాల నుంచి విడుదలైన బక్కచిక్కిన ఖైదీలకు సైనికులు జాలితో తమ దగ్గరున్నదంతా తినిపించారు. తినగానే ప్రాణాలు విడిచినవారు ఎందరో. ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి విందు చేయలేదు. ఒక అప్పం, కూజాలో నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మరో విడత తినిపించాడు (1 రాజులు 19:5-8). ఆ అధ్యాయాన్ని మేము ఎప్పుడూ ప్రార్థన గురించే చెప్పేవాళ్లం. పరలోకపు దూతకు ఎంత పెట్టాలో, ఎంత సేపు ఆగాలో తెలుసునన్న సంగతి రాత్రి రెండు గంటలకు గడ్డి వేయడానికి లేచినప్పుడే మాకు తోచింది.

మూడో వారంలో సంఘ కమిటీ కూర్చుంది. ఒక పెద్దావిడ లేచి నిలదీసింది. "అయ్యగారూ, పిల్లల ఫీజులకు సాయం అడిగితే ఫండు లేదంటిరి. గుర్రానికి గడ్డి కొననీకి యాడికెళ్లి వచ్చినయ్ పైసలు?" మా జేబులోంచి, ఇంకో నలుగురి జేబుల్లోంచి అన్నాం. అది జవాబు కాదని మాకూ తెలుసు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. మనుషులు ఇబ్బందుల్లో ఉన్న ఊళ్లో మూగజీవి కోసం ఖర్చు పెట్టవచ్చునా? చివరికి సంఘం సొమ్ము ఒక్క రూపాయి ముట్టకూడదని, ఇష్టమున్నవారు గడ్డి తేవచ్చునని తీర్మానించారు. పిల్లల ఫీజుల కోసం వేరే నిధి కూడా ఆ రోజే మొదలైంది, ఆమె గద్దించినందువల్లే. ఆవిడ ఇప్పటికీ షెడ్డు వైపు రాదు. ఆమె మనసు మార్చాలని మేమూ ప్రయత్నించలేదు.

అయితే ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. బైబిలుకు గుర్రం మీద పెద్దగా ప్రేమ లేదని వేదాంత కళాశాలలో చదువుకున్నాం. నిజమే. ఇశ్రాయేలు రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదని ధర్మశాస్త్రం ఆంక్ష పెట్టింది (ద్వితీయో. 17:16). రక్షణకు గుర్రాన్ని నమ్ముకోవడం వట్టిదని కీర్తనకారుడు చెప్పాడు (కీర్తన 33:17). ఐగుప్తు గుర్రాల మీద ఆధారపడినవారికి శ్రమ అని యెషయా హెచ్చరించాడు (యెషయా 31:1). అప్పట్లో గుర్రమంటే ఇప్పటి యుద్ధ ట్యాంకు. ప్రవక్తల కోపం మనిషి దానిని చేసిన ఆయుధం మీద, ఆ జీవి మీద కాదు. యెహోషువ శత్రువుల గుర్రాల కాలి నరాలు తెగగొట్టిన సంగతి చదివినప్పుడు (యెహోషువ 11:9) మాత్రం ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. దాన్ని తేలిక చేసే వివరణ మా దగ్గర లేదు.

అదే బైబిలులో యోబుతో దేవుడు మాట్లాడుతూ గుర్రం మెడను, దాని రోషాన్ని, బూర ధ్వని విన్నప్పటి దాని ఉత్సాహాన్ని ఎంతో మురిపెంగా వర్ణిస్తాడు (యోబు 39:19-25). తాను చేసినదాన్ని చూసి మురిసిపోయే కళాకారుని మాటలవి. శత్రువు గాడిద బరువు కింద పడి ఉంటే వదిలి వెళ్లకూడదు (నిర్గమ. 23:5). విశ్రాంతిదినం ఎద్దుకూ గాడిదకూ కూడా (ద్వితీయో. 5:14). నీనెవె మీద తానెందుకు జాలిపడ్డాడో యోనాకు చెబుతూ దేవుడు అక్కడి మనుషుల లెక్క చెప్పి ఊరుకోలేదు. పశువులనూ కలిపి చెప్పాడు, యోనా గ్రంథం ఆ మాటతోనే ముగుస్తుంది (యోనా 4:11). జెకర్యా చూసిన దర్శనంలో, ఆ దినాన ప్రధాన యాజకుని కిరీటం మీద ఉండవలసిన పరిశుద్ధమైన రాత గుర్రాల మెడలోని గంటల మీద కనిపిస్తుంది (జెకర్యా 14:20).

మన పూర్వికులైన భక్తులు కూడా గుర్రాల మీదే తిరిగారు. ఛార్లెస్ పోస్నెట్ దొరగారు 1890వ దశకంలో సికింద్రాబాద్ నుంచి మెదక్ పల్లెల్లోకి గుర్రం మీదే వెళ్లారు. ఆయన కట్టించిన మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆయన వెస్లియన్ మిషనరీ. జాన్ వెస్లీ తన జీవితకాలంలో గుర్రం మీద సుమారు రెండున్నర లక్షల మైళ్లు ప్రయాణించాడని చెబుతారు. పగ్గాలు వదులుగా వదిలేసి, పుస్తకం చదువుకుంటూ పోయేవాడట. అలా పగ్గం వదిలితేనే గుర్రం తొట్రుపడదని, బిగిస్తేనే పడుతుందని 1770లో తన దినచర్యలో రాసుకున్నాడు. తన బోధకులకు ఆయన ఇచ్చిన నియమాల్లో ఒకటి మాకు బాగా నచ్చింది. గుర్రాన్ని మాలీషు చేశారో లేదో, మేత పెట్టారో లేదో, పక్క పరిచారో లేదో బోధకుడు స్వయంగా, తన కళ్లతో చూసుకోవాలి. పనివాడికి చెప్పి ఊరుకుంటే కుదరదు. 1781లో ఆయన రోమా ఎనిమిదో అధ్యాయం మీద ఒక ప్రసంగం రాశాడు. మూలుగుతున్న సృష్టిలో మూగజీవాలున్నాయనీ, రానున్న విమోచనలో వాటికీ పాలుందనీ దాని సారాంశం. వెస్లీ వారసులు మన జిల్లాకు వచ్చి, డిచ్‌పల్లిలో అందరూ వద్దనుకున్న కుష్ఠురోగులకు ఆశ్రయం కట్టారు. 1915లో మొదలైన ఆ పరిచర్యలో డాక్టర్ ఇసబెల్ కెర్ పేరు ఈ ప్రాంతంలో ఎరగనివారు లేరు.

ఇంకొకామె సంగతి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం సంస్థానపు అశ్వదళం, హైదరాబాద్ లాన్సర్లు, మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఐగుప్తు, పాలస్తీనా రంగాల్లో పనిచేసింది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలోని మూడు విగ్రహాలూ ఆ మూడు దళాల గుర్తులే. యుద్ధం ముగిశాక ఆ రంగంలో మిగిలిన బ్రిటిష్ సైన్యపు గుర్రాలను వేల సంఖ్యలో ఐగుప్తులోనే అమ్మేశారు. పన్నెండేళ్ల తర్వాత, 1930లో, డొరోతి బ్రూక్ అనే సైనికాధికారి భార్య కైరో వచ్చి చూస్తే అవి ముసలివై, గుడ్డివై, వీధుల్లో రాళ్ల బండ్లు లాగుతున్నాయి. 1931లో ఆమె ఇంగ్లండు పత్రికకు ఒక ఉత్తరం రాసింది. చదివినవారు డబ్బు పంపారు. మూడేళ్లలో ఆమె 5,000 గుర్రాలను కొన్నది. కొన్నదేమో గాని, వాటిలో ఎక్కువ భాగం బతికించే స్థితిలో లేవు. వాటికి కొన్ని రోజులు మెత్తని పక్క, కడుపునిండా మేత, నీళ్లు ఇచ్చి, బాధ తెలియకుండా కన్నుమూయనిచ్చింది. కొన్న ప్రతి గుర్రం యజమానీ ఆ బండి మీద బతుకుతున్న పేదవాడేనని ఆమె ఎరుగును. అందుకే 1934లో కైరోలో ఆమె స్థాపించిన ఆసుపత్రి పేదల పశువులకు ఉచితంగా వైద్యం చేయడం మొదలుపెట్టింది. ఆమె పేరున ఆ సేవ నేటికీ అనేక దేశాల్లో సాగుతోంది. రెండు మూడు రోజుల విశ్రాంతి కోసం ఐదు వేల గుర్రాలను కొనడం లాభమా నష్టమా అని లెక్క వేస్తే మా కమిటీ పెద్దావిడే గెలుస్తుంది. దాని ముందు మేము చాలాసేపు మౌనంగా కూర్చున్నాం.

ఇక మా షెడ్డులోని సంగతి. మందు, మేత మేము చూసుకున్నా, గుర్రాన్ని నిజంగా కూడగట్టింది మా సంఘపెద్దే. ఆయన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారంలో పనిచేసినవాడు. 1937లో నిజాం కాలంలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. సైరన్ మోతతో లేచి, సైరన్ మోతతో నిద్రపోయిన ఊరు ఒక్కసారిగా మూగబోయింది. అప్పటికి ఆయనకు వేరే పని నేర్చుకునే వయసు దాటింది. ఆదివారం ఆరాధనకు వచ్చేవాడు, కానుక వేసేవాడు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఎన్ని సందర్శనలు చేసినా, ఎన్ని ప్రార్థనలు చేసినా ఆయన నోటి నుంచి మూడు మాటలు రాబట్టలేకపోయాం. గుర్రం వచ్చిన నాటి నుంచి తెల్లవారుజామున ఐదింటికి వచ్చి షెడ్డు దగ్గర కూర్చునేవాడు.

మొదట్లో అది ఆయన వైపు చూసేది కాదు. మొహం గోడకు పెట్టి నిలబడేది. ఎవరు చెయ్యెత్తినా చెవులు వెనక్కి మడిచి వణికేది. (మేము ఆ ఆదివారం ఎత్తిన చెయ్యి మాకు గుర్తొచ్చేది.) ఆయన దగ్గరకు పోయేవాడు కాదు, పిలిచేవాడు కాదు. ఊరికే కూర్చుని బైబిలు చదువుకునేవాడు. పన్నెండో రోజునో పదమూడో రోజునో అది తిరిగి ఆయన భుజం వాసన చూసింది. ఆయన అప్పుడు కూడా కదలలేదు. మేము అడిగితే "నాకూ పని లేదు, దానికీ పని లేదు అయ్యగారూ. జత కుదిరింది" అన్నాడు. పదేళ్లలో ఆయన మాతో అన్న అతిపెద్ద మాట అది.

గుర్రానికి మనిషి మొహం చదవడం వచ్చునని శాస్త్రజ్ఞులు అంటున్నారు. ఇంగ్లండులోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూడగానే వాటి గుండె వేగం పెరిగింది. ఇప్పటి పెంపుడు గుర్రాల పూర్వజాలను ఓల్గా, డాన్ నదుల మధ్య గడ్డిమైదానాల్లో సుమారు 4,200 ఏళ్ల కిందట మచ్చిక చేశారని 2021లో జన్యు పరిశోధన తేల్చింది. అన్ని వేల ఏళ్లుగా మనిషి ముఖమే చూస్తూ బతికిన జీవి మరి!

గిట్టల పని అంత తేలిగ్గా తెమలలేదు. బోధన్‌లో ఎడ్లకు లాడాలు కొట్టేవారున్నారు గాని గుర్రం గిట్ట చెక్కే నాల్‌బంద్ దొరకలేదు. నిజామాబాద్ నుంచి ఒక ముసలాయనను తీసుకొచ్చాం. గిట్ట మన గోరు వంటిదే. నెలకు ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది. ఆరేడు వారాలకోసారి చెక్కకపోతే నడక వంకరపోయి కీళ్లు పాడవుతాయి. వంకర పోయినదాన్ని ఒక్కరోజులో సరిచేయకూడదు, కొద్దికొద్దిగా చెక్కుతూ పోవాలి. గిట్ట పైనుంచి కిందికి కొత్తగా దిగి రావడానికి ఏడాది పడుతుంది. ఆయన దంతాలు చూసి వయసు ఇరవై దాటిందన్నాడు. బాగా చూసుకుంటే గుర్రాలు ఇరవై ఐదు, ముప్పై ఏళ్లు బతుకుతాయి. అంటే దానికి పని చేసే వయసు పోయింది, బతికే వయసు ఇంకా ఉంది. ఈ మధ్యకాలమే ప్రమాదకరమైనది.

ఆ నాల్‌బందే గుర్రాన్ని గుర్తుపట్టాడు. దాని యజమాని బోధన్‌లో ఉంటాడని చెప్పాడు. మేము కోపంతోనే బయలుదేరాం. జంతుహింస నిరోధక చట్టం 1960 ప్రకారం ఆకలిదప్పులకు గురయ్యేలా పశువును వదిలేయడం నేరం. చెప్పవలసిన మాటలన్నీ దారిలో సిద్ధం చేసుకున్నాం. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలేనని అప్పుడు మాకు తెలియదు.

ఒకే గది ఇల్లు. అరవై దాటిన మనిషి, మోకాలికి కట్టు. మమ్మల్ని చూసి "రండి పాస్టర్ సాబ్" అని కుర్చీ వేయించాడు. వాళ్ల నాన్నది టాంగా. ఆటోలు వచ్చి టాంగాలు పోయాక ఈయన బారాత్‌లకు గుర్రం తిప్పాడు. కొన్నేళ్లుగా పెళ్లికొడుకులు పూల కారు అడుగుతున్నారు. గుర్రం మీద వచ్చినా డీజే మోతకు అది బెదురుతుంది. కాలు దెబ్బతిన్నాక ఎవరూ పిలవలేదు. మేత కొనలేకపోయాడు. కొంటానని ఒకడు వచ్చాడు గాని, ఎందుకో తెలిసి ఇవ్వలేదు. "కసాయోనికి ఇయ్యబుద్ధి కాలె సాబ్. గంగ ఒడ్డుకు నీళ్లుంటయ్, గడ్డి ఉంటదని ఇడిసి వచ్చిన. మళ్ల రెండుసార్లు బస్సెక్కి పోయి చూసిన. మూడోసారి పోతె లేదు." ఆయన కాసేపు ఆగి, "ఉన్నదా?" అని అడిగాడు. మేము దారిలో సిద్ధం చేసుకున్న మాటల్లో ఆ ప్రశ్నకు సరిపోయేది ఒక్కటీ లేదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 3 లక్షల 40 వేలు మాత్రమే. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. గాడిదలు 61 శాతం తగ్గి 1 లక్షా 20 వేలకు చేరాయి. తగ్గిన ప్రతి అంకె వెనుక ఇటువంటి ఒక గది ఇల్లు ఉంటుందని మేము అనుకోలేదు. పేదల సంగతి ఇలా ఉంటే, డబ్బున్నచోట ఉన్న గుర్రాలకైనా భద్రత ఉందా? 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరికి తరలించారు. కొద్ది రోజుల్లోనే 8 చనిపోయాయి, ఆ తర్వాత ఇంకొన్ని. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఒకవైపు ఇదే గోదావరికి ఎగువన, నాందేడ్ గురుద్వారాలో సిక్కు సోదరులు తమ గురువు గుర్రపు సంతతిగా భావించే గుర్రాలను తబేలాలో భక్తితో సాకుతున్నారు. వాటితో వాళ్లకు ఏ వ్యాపారమూ లేదు. ఈ విషయంలో వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది మనకు ఉందని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు.

వారం తిరక్కుండానే ఆయన మా మందిరానికి వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, మా సంఘపెద్దకు సలాం చేశాడు. షెడ్డు అక్కడికి ముప్పై అడుగుల దూరం. ఆయన గుర్రాన్ని పిలవను కూడా లేదు. మా పెద్దతో "బాగున్నరా?" అన్నాడు, అంతే. లోపల అది తలెత్తి సకిలించింది. అది మా దగ్గరకు వచ్చి రెండు నెలలు దాటింది. రాత్రుళ్లు లేచి గడ్డి వేశాం, పుండు కడిగాం, మందు రాశాం. ఇన్ని రోజుల్లో దాని గొంతు మేము వినడం అదే మొదటిసారి. ఆయన లోపలికి వెళ్లి దాని మెడ మీద తల ఆనించాడు. మేము బయటే ఉండిపోయాం. నిజం చెప్పాలంటే మాకు కొంచెం కష్టం కూడా అనిపించింది. వదిలేసినవాడి గొంతుకు అంత సంబరమేమిటి? తన యజమానిని ఎద్దు ఎరుగునని యెషయా రాసినప్పుడు (యెషయా 1:3) ఆ యజమాని మంచివాడా కాదా అని ఎద్దు విచారించిందని చెప్పలేదు. ఆ మాట తట్టేదాకా వేపచెట్టు కింద నిలబడి, తప్పిపోయిన కుమారుని అన్నలా మొహం ముడుచుకునే ఉన్నాం.

తీసుకెళ్తారా అని అడిగాం. తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో కట్టే చోటు లేదు, మేతకు దారి లేదు. అప్పుడప్పుడు వచ్చి చూసుకుంటానన్నాడు. ఇప్పుడు శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కి వస్తాడు. ఆయన, మా సంఘపెద్ద చెట్టు కింద ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోకుండా కూర్చుంటారు. గుర్రాన్ని మాలీషు చేయడం, కాళ్లు ఎత్తించి గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం మా పెద్దకు ఆయనే నేర్పాడు. దాని పేరు కూడా ఆయన చెబితేనే తెలిసింది: రాణి. మేమేమో అప్పటిదాకా దాన్ని "గుర్రం" అనే పిలుస్తున్నాం.

పోయిన నెల ఒక సంచి తెచ్చాడు. అందులో పాత తోలు పట్టెడ, దానికి కుట్టిన ఇత్తడి మువ్వలు. బారాత్‌లో రాణి మెడకు కట్టేవట. అన్నీ అమ్మినా అది అమ్మలేదు. మెడలో వేద్దామా అని మా పెద్ద అడిగితే వద్దన్నాడు. మువ్వల చప్పుడు వింటే మళ్లీ ఊరేగింపు అనుకుని బెదురుతుందేమోనని ఆయన భయం. షెడ్డు గోడకు ఒక మేకు కొట్టి తగిలించాం. వచ్చే మంగళవారం నాల్‌బంద్ నిజామాబాద్ నుంచి వస్తాడు. ముందుకాలి గిట్ట ఇంకా కొంచెం వంకర ఉంది.